తువ్వాల కింద లాంచీ బేరం

నాగార్జునసాగర్ దగ్గరి నందికొండ నుంచి శ్రీశైలానికి లాంచీలో పోవాలంటే టికెట్ ఎప్పుడు కొనాలని నన్నెవరైనా అడిగితే, నీళ్లున్నప్పుడు కొనమంటాను. ఇంత చిన్న మాట తెలుసుకోవడానికి మాకు ఒక ఏడాది పట్టింది. మీకు ఆ ఏడాది పోకూడదనే ఇది రాస్తున్నాను.

నేను బస్సు కండక్టర్ని. మాది కొత్తకోట, పాత లెక్కన పాలమూరు జిల్లా. మా బాపు బీరయ్యకు అరవై ఎనిమిదేళ్లు, మొన్నమొన్నటి దాకా గొర్లు కాసినవాడు. చేన్లలో పంట నిలబడ్డ నెలల్లో మా దిక్కు గొర్లకు మేత దొరకదు. అప్పుడు కాపర్లు మందలను నల్లమలకు తోలుకుపోతారు. బాపు కూడా ఏటేటా అట్లా కృష్ణ ఒడ్డుకు పోయేవాడు. ఒకసారి గొర్లకు నీళ్లు తాపుతుంటే నది నడుమ లాంచీ పోయిందట. అందులోని వాళ్లు చేతులూపితే తనూ ఊపాడట. ఇంటికొచ్చి నాకు చెప్పాడు: "ఒకనాడు మనం గా లాంచీల కూసుండి ఒడ్డు మీదున్నోనికి చెయ్యి ఊపుదాం బిడ్డా." అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఆ మాట నేనూ మరిచిపోలేదు, బాపూ మరిచిపోలేదు. పెళ్లిళ్లు, పిల్లలు, ఉద్యోగాలు అడ్డం వచ్చాయి, అంతే.

బాపు బేరం సంగతి కూడా ముందే చెప్పాలి. పెబ్బేరు సంతలో పెద్ద కాపర్ల బేరం నోటితో జరగదు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలిపి పైన తువ్వాల కప్పుకుంటారు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర. చుట్టూ ఉన్నవాళ్లకు మొహాలు తప్ప ఏమీ కనిపించదు. నోటితో ఎన్ని కోతలైనా కొయ్యొచ్చు గానీ తువ్వాల కింద అబద్ధం ఆడకూడదు, అది వాళ్ల కట్టుబాటు. బాపు అందులో పేరుమోసిన మొండివాడు. పట్టిన వేలి మీంచి దిగడు. అవతలివాడే విసిగి ఒప్పుకోవాలి, లేకపోతే వచ్చే వారం రావాలి.

పోయినేడు లాంచీ మొదలైందని తెలిసి "పోదామా?" అన్నాను.

"ఇప్పుడే తీసిండ్రు గదా, జనం మోజు మీదుంటరు. దసరా పోనీ, రేటు దిగొస్తది" అన్నాడు.

దసరా పోయింది. కార్తీకం వచ్చింది, శ్రీశైలానికి జనం విరగబడ్డారు. "కార్తీకం పోనీ. అప్పుడు వాళ్లే పిలిచి ఇస్తరు" అన్నాడు. కార్తీకమూ పోయింది. టికెట్ ధర పైసా దిగలేదు గానీ నీళ్లు దిగాయి. నేను లాంచీ వాళ్లకు ఫోన్ చేస్తే అవతలి మనిషి, "ఇగ నడవదమ్మా, నీళ్లు చాలవు. మల్ల వచ్చే ఏడే" అని పెట్టేశాడు.

ఈ వారం అమ్మని గొర్రెను వచ్చే వారం అమ్మొచ్చు. నది కూడా అట్లాగే ఆగుతుందనుకున్నాం. తప్పంతా బాపు మీద పెట్టను. పదహారేళ్లుగా టికెట్లు కొడుతున్నదాన్ని, అచ్చయిన ధర ఎవరు బతిమాలినా దిగదని నాకు తెలియదా? నాకూ లీవులు మిగుల్చుకోవాలని ఉండింది.

ఆ చలికాలం చివర్లో బాపు వాకిట్లో పక్కనే ఉన్న బిందెను తన్నుకుని పడ్డాడు. మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోతే నీటికాసులు అన్నారు. ఈ జబ్బులో చూపు పక్కల నుంచి మూసుకుంటూ వస్తుందట. ఎదురుగా ఉన్నది మాత్రం చాలా రోజులు కనిపిస్తుంది, అందుకే మనిషికి తొందరగా తెలియదు. పోయిన చూపు రాదు, ఉన్నది నిలవాలంటే పొద్దున మాపు చుక్కలు వేయాలని డాక్టరమ్మ చెప్పింది. ఏడాది ముందు వస్తే బాగుండేదని కూడా అంది. ఆ ఏడాదిలోనే మేము లాంచీ ధర దిగుతుందేమోనని చూస్తూ కూర్చున్నాం. దవాఖాన మెట్ల మీద నాకు ఏడుపు ఆగలేదు. ఎంత కనిపిస్తుందని అడిగితే బాపు, "మస్తు కనిపిస్తది, ఫికర్ చెయ్యకు" అంటాడు. ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు.

అందుకే ఈ ఏడు లాంచీ మొదలైందని విన్న రోజే లీవు పెట్టాను. శని, ఆదివారాలు రద్దీ ఉంటుందని గురువారం లాంచీ చూసుకున్నాను. బుధవారం పొద్దున ఐదూ నలభైకి కొత్తకోటలో జడ్చర్ల వైపు పోయే బస్సెక్కాం. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి నాకు జీరో టికెట్, డబ్బులు బాపుకే. నా టికెట్ తీసుకుని కళ్ల ముందు పెట్టుకుని చూశాడు.

"నేను జన్మల గిట్లాంటి బేరం చెయ్యలే" అన్నాడు.

ఏడుంబావుకు జడ్చర్లలో దిగి ఇడ్లీ తిన్నాం. బాపుకు కంట్లో చుక్కలు అక్కడే బెంచీ మీద వేశాను. ఏడూ ముప్పావుకు కల్వకుర్తి బస్సు, అక్కడ అరగంట ఆగి దేవరకొండ బస్సు. మీరు పోతే కల్వకుర్తిలోనే నీళ్ల సీసా నింపుకోండి, ఆ తర్వాత దారంతా ఎండే. రెండు పక్కలా పత్తి పగిలి తెల్లగా ఉంది. దేవరకొండ చేరేసరికి పదకొండున్నర. బస్టాండు ఎదురుగా జొన్నరొట్టె, పప్పు తిన్నాం. పన్నెండుంబావుకు సాగర్ బస్సు.

ఆ బస్సులో సీతాఫలాల గంపతో ఒకామె మా ముందు కూర్చుంది. లాంచీకి పోతున్నామంటే నవ్వింది.

"మాది గా సాగర్ పక్కనే. ముప్పై ఏండ్లాయె లగ్గమై వచ్చి, ఇంకా ఎక్కలే. ఈసారి జనం ఉన్నరు, వచ్చేసారి ఎక్కుదమనుకుంటనే ఉన్న."

"వచ్చేసారి అనకమ్మా" అన్నాడు బాపు. అంత మెత్తగా ఆయన మాట్లాడడం నేను తక్కువే విన్నాను. ఆమె ఏం అనుకుందో, దిగేముందు గంపలోంచి రెండు పండిన కాయలు తీసి ఆయన ఒళ్లో పెట్టింది.

రెండింటికి నందికొండ. ముందు కిరాయి గది చూసుకుని తర్వాత టికెట్‌కు పోయాం. మీరు ముందు టికెట్‌కే పొండి, గురువారానికి ఇంక ఐదు సీట్లే మిగిలాయంటే మా ముందరే ఒక కుటుంబం మూడు కొనుక్కుపోయింది. కిటికీ వెనక కళ్లద్దాలు నెత్తి మీదికి పెట్టుకున్న పెద్దమనిషి ఉన్నాడు. ధర బోర్డు మీద రాసి ఉంది: మనిషికి పద్దెనిమిది వందలు, మధ్యాహ్నం అన్నం, టీ అందులోనే. నేను డబ్బులు తీస్తుంటే బాపు నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"జర ఆగు."

భుజం మీది తువ్వాల తీసి, కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టి, ఆయన చేతిని పట్టుకుని పైన తువ్వాల కప్పాడు. వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు చచ్చేంత సిగ్గేసింది. రోజుకు వంద మందిని "చిల్లర తియ్యి, జరుగు, జరుగు" అని గదమాయించేదాన్ని, ఆ క్షణంలో పక్కకు జరిగి తల వంచుకున్నాను. కిటికీ మనిషి నా వైపు చూశాడు, బాపు వైపు చూశాడు. చెయ్యి మాత్రం తీసుకోలేదు. ఇద్దరి మొహాల్లోనూ ఏమీ లేదు. కొంచెంసేపు తువ్వాల కదిలింది.

"తాతా, మా మామ గూడ గొర్ల బేరగాడే, గీ లెక్క నాకెరుకే" అన్నాడు చివరికి. "రేటు నా చేతుల లేదు. నా చేతుల ఉన్నది ఒకటిస్త. అందరికంటె ముందల రెండు సీట్లు."

బాపు తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. బయటికి వచ్చాక ఎంతకు తెగిందని ఆటపట్టించాను.

"బోర్డు మీదున్నదానికే. పదిహేను వందలకు అడిగిన, ఇయ్యలే. కానీ చెయ్యి గుంజుకోలే జూడు. మర్యాదున్న మనిషి."

గురువారం తొమ్మిదింబావుకు ఎక్కించుకున్నారు, పది కావస్తుంటే లాంచీ కదిలింది. టోపీ, తలకు కప్పుకునే బట్ట తప్పక తీసుకుపొండి, ముందు సీట్లకు నీడ ఉండదు. మా వెనక ఆలేరు నుంచి వచ్చిన టీచరు దంపతులు కూర్చున్నారు. ఇరవై మంది కలిసి వచ్చారట, అందరికీ కలిపి ధర తగ్గించారని ఆమె సంబరంగా చెప్పింది. బాపుకు బాధ కలుగుతుందేమోనని చూశాను.

"మంద మొత్తం కొంటే తగ్గిస్తరు గదా, న్యాయమే" అన్నాడు.

కొంతదూరం సముద్రమంత నీళ్లు. తర్వాత కొండలు దగ్గరికి వచ్చాయి, నది సన్నబడి మలుపులు తిరిగింది. కిటికీ మనిషి ఇచ్చిన సీటు విలువ నాకు అప్పుడు తెలిసింది. బాపుకు ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, ఎదురుగా నది తప్ప ఏమీ లేదు. ముందుకు వంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, రెప్ప వేయకుండా చూశాడు. "కొండ మూసుకపోయింది, ఇగ తొవ్వ లేదు అనుకుంటుంటనే తెరుసుకుంటున్నది బిడ్డా" అన్నాడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఒంటిగంటకు అన్నం, వంకాయ కూర, పెరుగు పెట్టారు. అది కూడా నది మీంచి చూపు తిప్పకుండానే తిన్నాడు.

రెండు దాటాక కుడి ఒడ్డున నీళ్ల అంచుకు గొర్లు దిగి ఉన్నాయి. వాటి వెనక ఒక మనిషి కర్ర పట్టుకుని నిలబడ్డాడు. లాంచీలో అందరూ చూసి చేతులూపుతున్నారు. బాపు ఇంకా ఎదురుగానే చూస్తున్నాడు. ఆయన కుడి భుజం పక్కనే అంత మంద ఉంది, ఆయనకు తెలియదు.

"బాపూ, గొర్లు" అన్నాను.

గబుక్కున తల తిప్పాడు, ఎక్కువ తిప్పాడు, మళ్లీ వెనక్కి తిప్పాడు. నేను రెండు చెంపలూ పట్టుకుని ఆయన మొహాన్ని ఒడ్డు వైపు నిలబెట్టాను.

"ఎన్ని ఉంటయి?" అని అడిగాడు.

మంద మీద ఒక్క చూపు వేసి ఇన్ని అని చెప్పే మనిషి, ఒకటి రెండు కూడా తేడా రానివాడు, నన్ను అడుగుతున్నాడు. "నూటయాభై ఉంటయి" అన్నాను. బాపు తువ్వాల తీసి పైకెత్తి ఊపాడు. ఒడ్డు మీది మనిషి కర్ర ఎత్తి ఊపాడు. మలుపు తిరిగి ఆ మనిషి, గొర్లు కొండ చాటుకు పోయాక కూడా బాపు ఊపుతూనే ఉన్నాడు. ఇక చాలని నేను చెప్పలేదు.

నాలుగింటికి శ్రీశైలం కొండ కింది లింగాలగట్టులో దిగి, ఆటోలో పైకి పోయాం. సాయంత్రం దర్శనానికి గంటన్నర పట్టింది. సత్రంలో గది దొరికింది, ఆధార్ కార్డు తప్పక అడుగుతారు. శుక్రవారం పొద్దున ఏడున్నరకు ఘాటు దిగే బస్సెక్కాం. మన్ననూరు దాకా అడవి, కోతులు. పదకొండింటికి అచ్చంపేటలో దిగి టీ తాగి నాగర్‌కర్నూల్ బస్సు పట్టుకున్నాం. అక్కణ్నుంచి వనపర్తి మీదుగా కొత్తకోట దగ్గరే.

ఈ ప్రయాణానికి మూడు రోజులు చాలు. డబ్బులు దాచుకుని పోదగ్గ ఖర్చే, దుబారా కాదు. దసరా ముందా, కార్తీకం వెనకా అని లెక్కలు వేయకండి. తీసుకుపోవాల్సిన మనిషి ఇంట్లో ఉంటే, లాంచీ మొదలైన వారమే తీసుకుపొండి.

అచ్చంపేట దాటాక బాపును అడిగాను. "నిజం చెప్పు బాపూ. నీకు ఇప్పుడు ఎంత కనిపిస్తున్నది?"

మస్తు కనిపిస్తుందని అనలేదు ఈసారి. భుజం మీది తువ్వాల తీసి మా ఇద్దరి చేతుల మీద కప్పాడు. నా పది వేళ్లలో రెండు పట్టుకున్నాడు.

పదింటిలో రెండు, అంతే మిగిలింది చూపు. పక్క సీటులో ఎవరైనా చూసి ఉంటే మా మొహాల్లో ఏమీ కనిపించి ఉండదు, నేనూ ఆయన బిడ్డనే. కానీ ఆ ధరకు నేను ఒప్పుకోదలచుకోలేదు. తువ్వాల కిందనే ఆయన వేళ్లు ఐదు పట్టుకున్నాను. బాపు నవ్వాడు. తల అడ్డంగా ఊపి మళ్లీ రెండే పట్టుకున్నాడు. నేను నాలుగు పట్టుకున్నాను.

"చానా అడుగుతున్నవ్ బిడ్డా" అన్నాడు.

నేను వదల్లేదు. పట్టిన వేళ్లు పట్టినట్టే ఉంచాను. బస్సు ఒక ఊళ్లో ఆగింది, జనం దిగారు, ఎక్కారు, మళ్లీ కదిలింది. అప్పుడు బాపు చెయ్యి మెల్లగా కదిలింది, నా మూడో వేలు కూడా పట్టుకున్నాడు.

ఏనాడూ పట్టిన వేలి మీంచి కదలనివాడు నా కోసం కదిలాడు. తువ్వాల కింద ఆడకూడని అబద్ధం కూడా ఆడాడు. ఆ మూడోది ఆయన దగ్గర లేదని నాకు తెలుసు.

"ఖాయమా?" అన్నాడు.

"ఖాయం" అన్నాను. కొత్తకోట దాకా బస్సు మారినప్పుడు తప్ప ఆ తువ్వాల తియ్యలేదు.