అడగని బ్రేకులు

మా బాబాయి సైకిలు మెకానిక్కు. రిపేరైన ప్రతి సైకిలునీ నది పక్క కంకర బాట మీద కళ్ళు మూసుకుని తొక్కి చూస్తాడు. చూపుంటే చెవి బద్ధకిస్తుందట! బాట చదునుగా, తిన్నగా ఉంటుంది, జనం ఉండరు. ముప్ఫై ఏళ్ళుగా మేమెంత మొత్తుకున్నా ఆ మొండిఘటం వినలేదు.

మొన్న ఒకాయన చైను మార్చమని సైకిలిచ్చాడు. కొట్లో సగం పని చేసే పిన్ని అరిగిన బ్రేకు రబ్బర్లు కూడా మార్చేసింది.

"అడగని పని నీకెందుకే?" అని బాబాయి ఇంతెత్తున లేచాడు.

ఆ కోపంతోనే బాటెక్కి కళ్ళు మూశాడు. చైను చప్పుడు బాగుంది. టైర్ల కింద కంకర కరకరలాడుతోంది. ఉన్నట్టుండి ఆ కరకర ఆగిపోయింది. సైకిల్లోనే ఏదో తేడా ఉందనుకుని, బ్రేకు నొక్కి కళ్ళు తెరిచాడు.

కంకరంతా జారిపోయి మెత్తటి మన్ను మిగిలింది. ముందు చక్రానికి జానెడు దూరంలో బాటే లేదు. నది లోపల్లోపలే కోసి గట్టును కూల్చేసింది. కింద నీళ్ళు సుడులు తిరుగుతున్నాయి.

ముఖాన నెత్తురు చుక్క లేకుండా, సైకిలు తోసుకుంటూ వచ్చాడు.

"ఏమయ్యా, తోసుకొస్తున్నావ్? నా బ్రేకులు పట్టలేదా?" అంది పిన్ని వెటకారంగా.

బాబాయి గడప మీద కూలబడ్డాడు.

"పట్టాయే," అన్నాడు.