గంట కొడితే మొరిగే కుక్కపిల్ల

ధర్మవరంలో మా వీధి భజన ప్రతి శనివారం సాయంత్రం మా ఇంటి పడసాలలోనే జరిగేది. మగ్గాలు ఆపి అందరూ వచ్చి కూర్చునేవాళ్లు. పురాణం చదివేది నేను. మా నాయన పద్ధతిలోనే, ఒక పద్యం చదివి, అర్థం చెప్పి, ఎడమచేత్తో చిన్న గంట మోగించి తర్వాతి పద్యం అందుకునేదాన్ని. దేవుడు నాకిచ్చిన చోటు అదేనని నమ్మేదాన్ని. ఇప్పటికీ నమ్ముతాను.

ఎనభైల మొదట్లో నా తోడికోడలికి ఆమె అన్న బెంగళూరు నుంచి ఒక బొచ్చు కుక్కపిల్లను తెచ్చిచ్చాడు. తెల్లగా, రెండు చేతుల్లో పట్టేంత ఉండేది. మేము కుళాయి దగ్గర బిందెలు పెట్టుకొని కాచుకునే ఎండాకాలంలో ఆమె దానికి సబ్బు స్నానం చేయించేది. అది సైకిల్ బెల్లుకు మొరిగేది, కూరగాయల గంపకు మొరిగేది, ఎవరైనా తుమ్మినా మొరిగేది. అంత చిన్న ఒంట్లోంచి అంత గొంతు రావడం చూడటానికి వీధంతా మా గడప దాటుకొని పక్కనే ఉన్న ఆమె ఇంటికి పోయేది.

ఒక శనివారం తోడికోడలు దాన్ని చంకనెత్తుకొని భజనకు వచ్చింది. కుక్కను తేవచ్చా అని ఎవరో గొణిగారు. స్వర్గం వాకిలి దాకా వెంట నడిచిన కుక్క కథ అంతకుముందు నెలే ఆ పడసాలలో చెప్పింది నేను. కాదనలేకపోయాను.

నేను గంట కొట్టగానే అది మొరిగింది. ప్రతి పద్యానికీ అంతే. గొంతు బొంగురుపోయిందని చివర్లో పుస్తకం తోడికోడలి చేతికిచ్చాను. చదువుతూ గంట కొట్టే అలవాటు ఆమెకు లేదు, కొట్టలేదు. కుక్కపిల్ల కళ్లు మూసుకొని పడుకుంది. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. భజన పెద్ద, మా మామగారి తమ్ముడు, నన్ను పక్కకు పిలిచాడు.

"చిన్నామె చదివితే నోరులేని జీవం కూడా మెదలకుండా వింటాండాది. ఇంకమీద ఆమెనే చదవనీ తల్లీ."

ఆ తర్వాతి శనివారాలు మా ఇంట్లోనే, నా చాప మీదే కూర్చొని ఆమె చదివింది. అర్థాలు సగం తప్పు చెప్పేది. నేను చిడతలు వాయించాను. తప్పు దొర్లినప్పుడల్లా అసలు అర్థం నోట్లోనే గొణుక్కునేదాన్ని.

ఒకరోజు పొద్దున కాఫీపొడి కోసం ఆమె ఇంటికి పోయాను. పూజ ముగించి హారతి గంట మోగిస్తోంది. కుక్కపిల్ల ఎగిరెగిరి మొరిగింది. నోరు మూయించడానికి ఆమె కొబ్బరి ముక్క విసిరింది. మొరిగితే కొబ్బరి వస్తుందని రోజూ తనే నేర్పుతోందని ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు.

మధ్యాహ్నాలు ఆమె మగ్గంలో కూర్చున్నప్పుడు అది మా అరుగు మీదికి వచ్చేది. గంట కొట్టేదాన్ని. మొరిగినంతసేపు కొబ్బరి పిడికిట్లోనే పెట్టుకొని, నోరు మూశాక ఇచ్చేదాన్ని. దేవుడి గంటను ఇందుకు వాడవచ్చా అని దేవుణ్ణే అడిగాను. ఆయన అడ్డు చెప్పినట్లు నాకు అనిపించలేదు. కొన్నాళ్లకు గంట వినగానే నోరు మూసుకొని నా మొహం చూడటం నేర్చుకుంది.

ఈ ఒక్క వారం నన్ను చదవనిమ్మని, అది మొరిగితే మళ్లీ పుస్తకం ముట్టనని భజన పెద్దను అడిగాను. ఒప్పుకున్నాడు.

ఆ శనివారం గంట కొట్టాను. కుక్కపిల్ల ఆమె ఒళ్లోంచి దిగి వచ్చి, నా ముందు కూర్చొని, చప్పుడు చేయకుండా నన్నే చూసింది. తోడికోడలి మొహం వాడిపోయింది.

"ఏం పెట్టి మరిగించినావక్కా దాన్ని?" అంది మెల్లగా.

"మీ ఇంట్లో పెట్టేదే" అన్నాను.

పుస్తకం నాకు తిరిగి వచ్చింది. ఎన్నడూ లేనంత బాగా చదివాను. ఒక కష్టమైన పద్యానికి నాయన చెప్పిన అర్థమంతా విప్పి చెప్పి, తలెత్తి చూశాను. అందరూ కుక్కపిల్లనే చూస్తున్నారు. గంట మోగబోతుంటే ముందుకు వంగుతున్నారు. ఎంత భక్తిగా వింటాందో చూడండని ఒకామె పక్కామెను మోచేత్తో పొడిచింది.

భజన ముగిశాక, ఆ మోచేత్తో పొడిచినామె గుమ్మం దాకా పోయి వెనక్కి వచ్చింది. పద్యం గురించి నాతో ఏదో అనబోతోందనుకొని పుస్తకం మళ్లీ తెరిచాను. వంగి, కుక్కపిల్ల తల నిమిరి, వెళ్లిపోయింది.