గది దాటేముందు

గది దాటుతున్నప్పుడల్లా దైవసహాయం మాస్టారి చెయ్యి దానంతటదే గోడ మీదికి పోయేది. లైటు, ఫ్యాను, పక్కనున్న ప్లగ్గు, అన్నీ ఒక్క అరచేతి ఊపుతో ఆరిపోయేవి. అది భార్య సుగుణమ్మ ఏళ్ల తరబడి పోరి నేర్పిన అలవాటు. ఆవిడ పోయిన ఏడాదికి రాజోలు చర్చిలో జ్ఞాపకార్థ కూటం పెట్టుకున్నారు. అక్కడ వినిపించాలనుకున్న, ఆవిడ పాడిన కీర్తనలన్నీ కింద గదిలోని పాత కంప్యూటర్లోనే ఉన్నాయి. ఉప్పుగాలికి దాని పెన్‌డ్రైవ్ సందులు తుప్పు పట్టడంతో, వైఫై మీదుగా మేడ మీది కంప్యూటర్లోకి తెచ్చుకోవడమొక్కటే దారి. కాని పైదానిలో కిందది కనిపించదు. ఉదయం నుంచి మాస్టారు పంచె ఎగ్గట్టి మెట్లెక్కుతూ దిగుతూ ఉన్నారు. కిందికి వెళ్లి ఆన్ చేస్తే అంతా బాగానే ఉంటుంది, పైకి వచ్చి చూస్తే ఖాళీ. వైఫై డబ్బాను తిట్టి, ఓ మొట్టికాయ కూడా వేశారు.

చివరికి అమలాపురంలో ఉన్న మేనకోడలు రేచల్‌కు ఫోన్ చేసి, చెవిన పెట్టుకునే కిందికి దిగారు.

"వేసేనమ్మా, వెలిగింది. ఇంక పైకి వెళ్తున్నాను."

"ఆగండి మావయ్యగారూ. ఆ టక్‌మన్నదేంటండీ?"

"స్విచ్చమ్మా. ఎవరూ లేని గదిలో కరెంటు దండగ కాదూ?"

"అది ఆపేస్తే పైదానికి ఎలా కనపడుద్దండీ?"

మాస్టారు వెనక్కి తిరిగి స్విచ్చి వేశారు. కంప్యూటర్ మూలుగుతూ లేచేదాకా సుగుణమ్మ ఫోటో ముందు నిలబడ్డారు.

"బతికున్నన్నాళ్లూ నీ మాట విననని సాధించేవు," అన్నారు విసుగ్గా. "విన్నందుకు ఇదిగో, మోకాళ్లు పోయేయి."

ఈసారి లైటు కూడా ఆర్పకుండా మెట్లెక్కారు. పైన తెర మీద, ఆవిడ తన కంప్యూటర్‌కు పెట్టుకున్న 'సుగుణ' అన్న పేరు అప్పటికే వచ్చి కూర్చుంది.