గోడలకే పాలసీ

ప్రసన్నకుమారికి అబ్బాయిరాజు చేసిన అన్యాయం ఏ పోలీసు స్టేషన్లోనూ కేసు కాదు. నవ్వుతూ ఒక మాట చెప్పాడు, అంతే.

ఏలూరులో ఆయన డాబా కింద వాటాలో ఆమె అద్దెకుండేది. భర్త పోయాక కొన్నాళ్లు కైకలూరులో తమ్ముడింట్లో తలదాచుకుంది. అన్నం పెట్టేవారు, కాకపోతే ఎంత తింటున్నదీ మరదలు చూసేది. అక్కణ్ణుంచి బయటపడటానికే కుట్టు నేర్చుకుంది. ఒక మిషనుతో మొదలుపెట్టి పీకో మిషను, ఓవర్‌లాక్ మిషను కూడా కొనుక్కుంది. ముందు గదిలో వాటి మధ్యే కూర్చుని, ఎవరి ముఖం వంకా చూడకుండా అన్నం తినేది.

ఆమె వెళ్లే చర్చికే వచ్చే ఏసుకుమార్ ఇన్సూరెన్స్ ఏజెంటు. ఒకరోజు ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చి, మిషన్ల వంక చూశాడు.

"అద్దెకున్నవాళ్ల సామాన్లకీ పాలసీ ఉంది పిన్నీ. నిప్పంటుకున్నా, నీళ్లొచ్చినా కంపెనీ ఇస్తుంది."

"నాకు పాలసీ అమ్మకపోతే నీకు నిద్రపట్టదేంట్రా?"

"పడుతుంది. అమ్మితే ఇంకా బాగా పడుతుంది."

నవ్వి సరేనంది. కానీ దానికి అద్దె అగ్రిమెంటు కావాలి. అబ్బాయిరాజు ఏనాడూ ఎవరికీ సంతకం పెట్టి ఇచ్చినవాడు కాదు. కాగితం చేతికొస్తే ఇల్లు ఖాళీ చెయ్యరని ఆయన భయం. ఆమె వచ్చి అడిగినప్పుడు ఆ భయం మాత్రం చెప్పలేదు.

"డాబాకి నేను ఇన్సూరెన్స్ కడుతూనే ఉన్నానమ్మా. డాబా తగలబడితే నీ మిషన్లు రోడ్డు మీదుంటాయా? లోపలేగా! అన్నీ దాంట్లోకే వస్తాయి."

"అంతేనంటారాండీ?"

"నీకు నేను అబద్ధం చెబుతానా?"

చెప్పాడు. ఆమె నమ్మింది. ఆయన పాలసీ ఆయన గోడలకే వస్తుందని ఏసుకుమార్ ఎంత మొత్తుకున్నా, "పెద్దాయన మాట కాదని మళ్లీ కాగితం అడిగితే ఏం బాగుంటుందిరా," అంది.

క్రిస్మస్ దగ్గరపడ్డాక, ఆమె చర్చిలో ఉన్నప్పుడు, మీటరు బోర్డు దగ్గర పాత వైర్లు అంటుకున్నాయి. వచ్చి చూసేసరికి మిషన్లు నల్లటి ఇనుమై నిలబడి ఉన్నాయి. పండక్కి కుట్టమని ఊరివాళ్లిచ్చిన గౌన్ల గుడ్డలన్నీ బూడిదయ్యాయి.

కంపెనీ మనిషి వచ్చి గోడలు కొలిచాడు, శ్లాబు ఫొటోలు తీశాడు. ఆమె మిషన్లు చూపించింది.

"ఇవి మీవాండీ? పాలసీ బిల్డింగుకేనమ్మా."

పక్కనే ఉన్న అబ్బాయిరాజు సెల్‌ఫోను చూసుకుంటూ మెట్లెక్కి వెళ్లిపోయాడు. ఎండాకాలం వచ్చేసరికి ఆ గదికి టైల్స్ పడ్డాయి, కొత్తవాళ్లు దిగారు. ప్రసన్నకుమారి మళ్లీ తమ్ముడింటికి చేరింది.

ఏసుకుమార్ ఆమెని చివరిసారి చూసింది ఆ ఇంట్లోనే. పెరట్లో పీట మీద కూర్చుని చేపలు తోముతోంది. మనిషి సగమైపోయింది.

"సెకండ్‌హ్యాండ్ మిషను ఒకటి చూస్తాను పిన్నీ. ఈసారి పాలసీ నేనే దగ్గరుండి చేయిస్తా."

ఆమె తలుపు వంక చూసి గొంతు తగ్గించింది.

"దేనికి చేయిస్తావురా? ఈ ఇంట్లో నాదని చెప్పుకోడానికేముంది? కట్టుకున్న చీర కూడా మా మరదలిదే. మెల్లిగా మాట్లాడు నాన్నా, లోపలే ఉంది."