పెద్దమ్మ చెంబు

నేరేడుచర్లలో షేర్ ఆటో నడుపుతూ, ఖాళీ దొరికినప్పుడల్లా సెల్‌ఫోన్‌తో చిన్న సినిమాలు తీసేవాణ్ణి. ఒకదాంట్లో, దాహమని వచ్చిన కూలీని కసిరి పంపేసే ఆసామి భార్య వేషం ఉంది. ఎవరూ ఒప్పుకోకపోతే మా పక్కింటి పెద్దమ్మ వచ్చింది. నాట్లేసి నాట్లేసి నడుం వంగిన మనిషి. గడప దగ్గర ఎవరు నిలబడ్డా ఆమె చెయ్యి ముందు చెంబు మీదికే పోయేది.

షూటింగులోనూ అంతే. కూలీ వేషం వేసిన మా దోస్తు, రైసుమిల్లు హమాలీ, "నీళ్లియ్యమ్మా" అనగానే కుండలో చెంబు ముంచేది.

"పెద్దమ్మా, నీళ్లు లెవ్వు పో అనాలె."

"అంటనే ఉన్న బిడ్డా, చెయ్యి ఆగుతలేదు."

ఏడోసారి తీసినప్పుడు పొమ్మని గట్టిగానే అంది. వాడు వెనక్కి తిరిగి పోతుంటే, ఫోన్ ఇంకా రికార్డవుతుండగానే, చెంబు పట్టుకుని వెంట ఉరికింది.

"ఆగు నాయినా, ఉత్తగనే అన్న!"

వాడు ఆగి, దోసిలి పట్టి తాగాడు. ఆ ముక్కనూ ఉంచేసి, పెద్దమ్మను ఆటోలో కూర్చోబెట్టి చూపించాను. ఆమె నవ్వలేదు.

"నేను పొమ్మన్నది తీసెయ్యి బిడ్డా. నాతోటి నాట్లేసేటోళ్లు సూస్తరు."

అది తీసేస్తే కథే లేదు. అయినా అక్కడే, ఫోన్‌లోనే కత్తిరించేశాను. ఇప్పుడా సినిమాలో ఒక మనిషి నీళ్లు తాగడం తప్ప ఇంకేమీ జరగదు.