నేను తలుపు వేయించిన మధ్యాహ్నం

మొన్న షుగరు పరీక్షకని నరసరావుపేట పెద్దాసుపత్రికి వెళ్లి వరండాలో బల్ల మీద కూర్చుని ఉంటే, ఒక కానిస్టేబులు వచ్చి, పెద్దాయనా లెగండి, మెజిస్ట్రేటుగారు వస్తున్నారు, ఇక్కడెవరూ ఉండకూడదంటూ అందరితోపాటు నన్నూ లేపేశాడు. నేను కోర్టు హాల్లోకి వస్తే జనం లేచి నిలబడే ఉద్యోగం ముప్పయ్యేళ్లపైన చేసినవాణ్ణి కదా, నాలో నేనే నవ్వుకుంటూ లేచాను. ఇంతలో ఆ మెజిస్ట్రేటు, నా మనవరాలి వయసున్న ఒక అమ్మాయి, గుమాస్తా వెంట రాగా, గబగబా వార్డులోకి వెళ్లింది. వెనకాలే వచ్చిన బంధువులను బయట ఆపి తలుపు మూశారు. నా నవ్వు అక్కడితో ఆగిపోయింది.

చావుబతుకుల్లో ఉన్న మనిషి చెప్పింది చెప్పినట్టు మెజిస్ట్రేటు రాసుకున్నదాన్ని మరణ వాంగ్మూలం అంటారు. ఎవరూ పక్కనుండి నేర్పలేదని తేలాలి గనుక ఆ సమయంలో గదిలో డాక్టరు తప్ప ఇంకెవరూ, అయినవాళ్లయినా సరే, ఉండకూడదు. నేను మొట్టమొదట రాసిన మరణ వాంగ్మూలం ఈ ఊళ్లోనే, ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఇంకా నల్లకోటు మడతలైనా నలగని రోజుల్లో.

సాగర్ కుడికాలవ చివరి పొలాలకు నీళ్లు రాని ఏడాది మన ఊళ్లు ఎట్లా ఉండేవో నా ఈడువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. గట్ల మీద పారలు పట్టుకుని కాపలా కాసేవాళ్లు, అన్నదమ్ముల బిడ్డలు కూడా ముఖాలు చూసుకునేవాళ్లు కారు. క్రోసూరు వైపు ఒక పల్లెలో అట్లాగే నీళ్ల వంతు దగ్గర మాట పెరిగి, పక్క పొలం ఆసామి ఒక యువకుణ్ణి పారతో తలమీద కొట్టాడు. ఎద్దులబండి మీద కొంత దూరం, లారీలో కొంత దూరం తెచ్చి ఇక్కడ పడుకోబెట్టేసరికి మిట్టమధ్యాహ్నమైంది. తల్లి అతని చెయ్యి పట్టుకుని కూర్చుని ఉంది. నేను వెళ్లి ఆవిణ్ణి బయటికి పంపించి, తలుపు వేయించాను.

పేరేమిటి, ఏ ఊరు, ఇప్పుడెక్కడున్నావు అని మామూలు ప్రశ్నలతో మొదలుపెట్టాను. తెలివిగానే జవాబులు చెప్పాడు. కొట్టినవాడి పేరు కూడా స్పష్టంగా చెప్పాడు. కానీ మధ్యమధ్యన, మా అమ్మని పిలవండయ్యా అనేవాడు. ఒక్కసారి కాదు, మూడుసార్లు. అయిపోవస్తోంది, కాస్త ఓర్చుకో అన్నాను నేను. ఆ మాటలు కేసుకు సంబంధించినవి కావనుకుని కాగితం మీదకు ఎక్కించలేదు. చదివి వినిపించి, వేలిముద్ర వేయించి, డాక్టరు చేత సంతకం చేయించి, కవరుకు లక్కసీలు వేసేదాకా తలుపు తీయనివ్వలేదు. తీసేసరికి అతనికి స్పృహ లేదు. మళ్లీ రాలేదు.

తరవాత సెషన్స్ కోర్టులో నేను సాక్షిగా బోనెక్కాను. ముద్దాయి తరఫు వకీలు, మీరు రాసింది కాక మృతుడు ఇంకేమన్నా అన్నాడా అని అడిగాడు. అన్నాడంటే నా కాగితం అసంపూర్ణమవుతుంది, దాని మీదే నిలబడ్డ కేసు కూలిపోతుంది. కొట్టింది అతనేనని నాకు అప్పుడూ ఇప్పుడూ అనుమానం లేదు. లేదు అని చెప్పాను. ప్రమాణం చేసి చెప్పాను.

బయటికి వస్తుంటే వరండాలో ఆ తల్లి ఎదురొచ్చి, "అయ్యా, మా పిల్లోడు నన్నేమన్నా అడిగాడా?" అంది. లోపల అన్న మాటే బయటా అన్నాను.

శిక్ష పడింది, పైకోర్టు కూడా ఖాయం చేసింది. నేను గురజాలలో, మాచర్లలో, ఇంకా ఎక్కడెక్కడో పనిచేశాను. సాక్షి ప్రమాణం చేస్తున్నంతసేపూ ఫైల్లోకి చూస్తూ కూర్చునేవాణ్ణి. అబద్ధం చెప్పి దొరికిపోయిన సాక్షుల మీద కేసు పెట్టించమని వకీళ్లు ఎంత అడిగినా ఏనాడూ ఒప్పుకోలేదు; అందుకు నాకు దయగల జడ్జి అని పేరొచ్చింది. అది దయ కాదు, సిగ్గు.

రిటైరైన ఏడాది ఉండబట్టలేక క్రోసూరు బస్సెక్కి ఆ పల్లెకు వెళ్లాను. ఆవిడ బాగా ముసలిదైపోయి, అరుగు మీద మిరపకాయల తొడిమలు తీస్తోంది. నేనెవరో చెప్పి, మీ అబ్బాయి మిమ్మల్ని మూడుసార్లు అడిగాడమ్మా, నేనే పిలవలేదు అన్నాను.

ఆవిడ చేతులు ఆగలేదు. "తెలుసులే అయ్యా. తలుపు అవతలే కూచున్నా గదా, ఇనపడింది. తలుపు కాడికి పోయినానని ఎవురికీ చెప్పబాక, కేసు చెడుద్దన్నాడు మా వకీలు. నీ నోటెంట ఇందామనే ఆ రోజు అడిగా."

అరుగు మీది చెంబు ఇటు జరిపి, "చానా దూరం వొచ్చావు, మంచినీళ్లు తాగు" అంది. చెంబు అందుకున్నాను.

ఇప్పుడు మరణ వాంగ్మూలాన్ని వీడియో కూడా తీస్తున్నారట. ఒకప్పుడు నా దగ్గర పనిచేసినాయన చెప్పాడు. మూలుగు, దాహం, అమ్మను పిలవమన్న మాట, అన్నీ ఉంటాయి. మా కాలంలో పోయేవాడి మాటల్లో ఏది ఉండాలో ఏది పోవాలో తేల్చింది పాతికేళ్ల కుర్రాడి కలం. చాలా మంచి మార్పు, నిజంగా సంతోషమే. అయితే రాయడం సంగతి అటుంచి, ఆ రోజు నేను లేచి ఆ తలుపు తీసి ఉంటే ఏ చట్టం నన్ను ఏం చేసేదో, ఇన్నేళ్లు తీర్పులు రాసిన నాకు ఇప్పటికీ తోచడం లేదు.