అతికిన ఎర్రపోగు

ఫొటో స్టూడియోలో పెళ్ళి ఫొటోలు దిద్దే ఆవిడను వీధిలో అందరూ టచప్ అక్క అంటారు. మొటిమలు తుడుస్తుంది, తెగిన కనుబొమలు కలుపుతుంది, బట్టతల మీద నాలుగు వెంట్రుకలు మొలిపిస్తుంది. ఆ ఫొటోలు పట్టుకుని ఇంటికెళ్ళినవాళ్ళు అద్దంలో చూసుకుని ఉసూరుమంటారని స్టూడియో నడిపే బావగారి వేళాకోళం.

తీరిక దొరికితే ఆవిడ దిద్దేది ఆకాశాన్ని. ఎక్కడో మబ్బు పట్టని కొండమీద అద్దెకిచ్చే టెలిస్కోపు ఒకటుంది. రిటైరైన లెక్కల మాస్టారు కూడగట్టిన చిన్న బృందం ఇంటర్నెట్‌లోనే దాన్ని తిప్పుతూ నెబ్యులాల ఫొటోలు తీయిస్తుంది. నెబ్యులా అంటే నక్షత్రాల మధ్య పొగలా పరుచుకున్న వాయుమేఘం. విడిగా చూస్తే ఒక్కో ఫొటోలో ఉండేది దాదాపు చీకటే. వందల ఫొటోలను ఒకదానిమీద ఒకటి పేర్చి, మచ్చలు తీసి, అడుగున దాగిన రంగును పైకి లాగడం అక్క వంతు. ఆ పనిలో ఆవిడను మించినవాళ్ళు లేరని మాస్టారి నమ్మకం. పుట్టి బుద్ధెరిగాక ఎవరూ ఆవిడను అంతగా నమ్మలేదు. అందుకే ఆ నమ్మకమంటే ఆవిడకు ప్రాణం.

ఈసారి నెబ్యులా అంచున సన్నటి ఎర్రపోగు ఒకటి బయటపడింది. ఇంతవరకూ ఎవరి ఫొటోలోనూ లేదు. మాస్టారు ఉబ్బితబ్బిబ్బై నక్షత్రశాలకు పంపారు. వాళ్ళు గోడంత ప్రింటు వేసి, ఆ పోగును మొదట చూసింది వీళ్ళేనని కింద రాస్తామన్నారు. ప్రింటు ఈ సాయంత్రమే.

మధ్యాహ్నం ఒక పెళ్ళికొడుకు కనుబొమ కలుపుతుంటే అక్క చెయ్యి ఠక్కున ఆగిపోయింది. రెండు కొసలు కనిపిస్తే చాలు, మధ్య ఖాళీని పూడ్చేస్తుంది ఆ చెయ్యి. కొంపదీసి పోగు దగ్గర కూడా ఇలాగే తిరిగిందా? పెళ్ళికొడుకును సగం కనుబొమతో వదిలేసింది.

టెలిస్కోపు తీసిన ఫొటోలన్నిటినీ రెండు సగాలు చేసి, దేనికది విడిగా పేర్చమని కంప్యూటరుకు పురమాయించింది. పోగు నిజమైతే రెండిట్లోనూ కనబడి తీరాలి. కంప్యూటరు నత్తనడక నడుస్తోంది. తలుపు దగ్గర బావగారు, కస్టమరు వచ్చి కూర్చున్నాడని గొణుగుతున్నారు. ఆవిడ తెర మీంచి చూపు తిప్పలేదు.

రెండు సగాలూ వచ్చాయి. రెండిట్లోనూ కొసలున్నాయి. మధ్యలో ఉత్త చీకటి. అతికింది తనే.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కాసేపు మనసు అటే పీకింది కూడా. ఆ గోడ ముందు నిలబడి మాస్టారు నలుగురికీ గర్వంగా చూపిస్తుంటే తను పక్కన నిలబడాలి. అది తలుచుకోగానే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఫోను తీసింది.

"మాస్టారూ, ప్రింటు ఆపించండి. ఆ పోగు నేను అతికిందండీ. కావాలని కాదు, అలవాటులో చెయ్యి పోయింది."

మాస్టారు కసరలేదు. నాలుగు తిడితే బాగుండుననిపించింది. ఆపిస్తానన్నారు. నక్షత్రశాల వాళ్ళకు తనే ఏదో సర్దిచెప్పుకుంటానన్నారు. ఇక ఫోను పెట్టేస్తారనుకుంది. పెట్టలేదు.

"ఒక్క మాట చెప్పమ్మా. ఇన్నేళ్ళూ మనం పంపినవాటిలో కూడా నీ చెయ్యి పడిందా?"

లేదన్న మాట నోటిదాకా వచ్చింది. ఒక్కో ఫొటో కళ్ళముందు తిరిగింది. అందరూ మెచ్చుకున్న ఆ వంపుల్లో ఏది ఆకాశానిదో, ఏది తనదో ఎంత ఆలోచించినా తేలలేదు.

"తెలీదు మాస్టారూ," అంది.

ఆ మాట అన్నాకే ఆవిడకు నిజంగా భయం వేసింది.